పరిగె రొయ్యలు

చెరువుల గట్టు,
కోడూరు మండలం,
9 ఫిబ్రవరి 1997, ఆదివారం.

సౌభాగ్యవతి వీరదుర్గకు,

భానుమతి దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మా నాన్న నందివాడలో పలక పట్టించి నేర్పిన పద్ధతి. మన ఇద్దరి మధ్యా ఆ మాట రాస్తే కాగితమే నవ్వుతుంది. మేం ఉన్నాం. అంతవరకు నిజం.

ఇందిర చేత రాయించిన నీ ఉత్తరం మంగళవారం అందింది. పిల్ల దస్తూరీ ముత్యాల్లా ఉంది. పదో తరగతికి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. టైఫాయిడ్‌తో అవనిగడ్డ ఆసుపత్రిలో పడుకున్నప్పుడు నువ్వు సముద్రం మీద ఉన్న మీ ఆయన కోసం కబురు పెట్టడానికి వెళ్తే, నాలుగు రోజులు నా కొంగు వదలని పిల్ల ఇదే కదా. ఇందిరా, ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించేది నువ్వే. నెమ్మదిగా చదువు. చివరిదాకా చదువు, మధ్యలో ఆపకు.

నువ్వు అడిగింది అర్థమైంది దుర్గా. బందరు అవతల నువ్వు వెళ్ళి చేరిన మీ ఆడపడుచు ఊళ్ళో కూడా కాలువకు కమిటీ కట్టారు. నిన్ను కాలువలో పీతలకు దిగనివ్వడం లేదు, చెరువుల్లో పరిగెకు రానివ్వడం లేదు, ఆఖరికి రొయ్యలు వలిచే షెడ్డులో పీట కూడా వెయ్యనివ్వడం లేదు. ఎర్రగుడ్డ దాటిన మనిషని నీ పేరు నీకంటే ముందు బస్సెక్కి వెళ్ళింది. పాత ఊరి పెద్దల నుంచి ఒక మాట రాయించుకుని వస్తే నెలాఖరు మీటింగులో చూద్దామని అక్కడి ప్రెసిడెంటు గంగాధరరావు గారు అన్నారని రాశావు. ఉత్తినే "ఈమె మంచిది" అని రాస్తే ఎవరు వింటారు? రేషను కార్డుకి కూడా అంతకంటే ఎక్కువ అడుగుతారు. అందుకని, నీకు తెలిసిందే అయినా మొదటినుంచీ రాస్తున్నాను. మీటింగులో ఇందిర ఇది చదవాలి, వాళ్ళు వినాలి.

గంగాధరరావు గారూ, నమస్కారమండీ. మావి పన్నెండు చెరువులు. ఒకటే ఉప్పుకాలువ. పోటు మీద సముద్రం నీళ్ళు కాలువలోకి ఎక్కినప్పుడు అందరం తూములెత్తి చెరువులు నింపుకుంటాం. పాటు తీసేటప్పుడు చెరువు మురుగంతా మళ్ళీ ఆ కాలువలోకే వదులుతాం. ఒకే చెంబులో నీళ్ళు తాగి అందులోనే పుక్కిలించే సంసారం మాది. మీదీ అంతే అయ్యుంటుంది.

తొంభై నాలుగులో నెల్లూరు వైపు రొయ్యకు తెల్లమచ్చ జబ్బు తగిలి చెరువులకు చెరువులే పోతున్నాయని తెలిసింది. అప్పుడు మావారు సాంబశివరావు గారు పన్నెండు చెరువుల వాళ్ళనూ కూర్చోబెట్టి కమిటీ కట్టారు. ఆయనే ప్రెసిడెంటు. ఎవరి చెరువులోనైనా రొయ్య తలపెంకు మీద తెల్లచుక్క కనపడితే ఆ క్షణమే తూము దగ్గర గెడకు ఎర్రగుడ్డ కట్టాలి. తూము మూసెయ్యాలి. బ్లీచింగ్ పౌడరు కొట్టి, నీళ్ళలో జబ్బు చచ్చేదాకా ఒక్క చుక్క గాని ఒక్క రొయ్య గాని గట్టు దాటకూడదు. దాచినవాడు పదకొండు ఇళ్ళ ఉసురు పోసుకుంటాడని ఆయన అన్నారు. అందరం బస్సు మాట్లాడుకుని మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం వెళ్ళి ఆంధ్రమహావిష్ణువు ముందు ఒట్టేసుకున్నాం. కాలువ ఒడ్డు జాలరి పల్లె ఆడవాళ్ళు కూడా, గుడ్డ కట్టిన చెరువులో దిగబోమని గంగమ్మ మీద ప్రమాణం చేశారు. గుడివాడలో ఎర్ర కాటను కొని, పన్నెండు ముక్కలు చేసి, అంచులు మడిచి, తెల్లదారంతో చెరువు అంకెలు కుట్టింది నేను. మాది మూడు.

ఇక పరిగె సంగతి. మా నందివాడలో వరి కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు పరిగె ఏరుకునేవాళ్ళవి. వాటికోసం వంగిన రైతును ఊరంతా నవ్వేది. మేం చేలు చూసుకునే బతుకు వదిలి ఇక్కడ రొయ్యలకు వచ్చినా నాకా బుద్ధి పోలేదు. వల వేసి రొయ్యలన్నీ పట్టే పట్టుబడి అయిన మర్నాడు పొద్దున్నే, చెరువు అడుగున బురదలో మిగిలిన రొయ్యలు పల్లె ఆడవాళ్ళవని మొదటి పంటకే చెప్పాను. మిగతా చెరువుల వాళ్ళు ముందు నన్ను చూసి నవ్వారు, తర్వాత వాళ్ళూ అదే చేశారు. ఎందుకంటే గట్టు మీద బుట్టలు కనపడితే ఆ చెరువు చక్కగా చేతికొచ్చిందని కాలువ పొడుగునా తెలిసిపోయేది. అది మా పరువైంది.

ఆ ఏడు కార్తీకంలో మా చెరువు ముందుగా పట్టుబడికి వచ్చింది. లారీ వెళ్ళిన మర్నాడు తెల్లారేసరికి బురదలో మిగిలిన రొయ్యల మీద తెల్లచుక్కలు కనపడ్డాయి. మావారు నాలుగు రొయ్యలు ఐసులో పెట్టుకుని, బందరులో చేపల ఆఫీసరు గారికి చూపించి బ్లీచింగ్ తెస్తానని మొదటి బస్సుకు పరుగెత్తారు. గుడ్డ కట్టమని, ఎవర్నీ దిగనివ్వద్దని నాకు చెప్పి వెళ్ళారు. ఆ రోజే కార్తీక వనభోజనాలు, మా గట్టు మీదే. నేను వంట హడావిడిలో ఉన్నాను. గుడ్డ కట్టాను. సముద్రపు గాలి సంగతి మీకు తెలియంది కాదు, కట్టిన గుడ్డ ఊడి కాలువలో పడిపోయి ఉంటుంది. పల్లె ఆడవాళ్ళు అలవాటు ప్రకారం వచ్చి దిగారు, వీరదుర్గ ముందు. ఏరుకున్న రొయ్యలు కాలువ రేవులో కడిగి, తలలు తుంచి, పీతలు తింటాయని నీళ్ళలో వేశారు. ఎప్పుడూ చేసే పనే. సాయంత్రం పోటుకు పక్క చెరువు పున్నారావు గారు తూమెత్తారు. పది రోజులకు ఆయన చెరువు పోయింది. నెల తిరిగేసరికి పన్నెండూ పోయాయి.

మావారు ఆ సాయంత్రం వచ్చి, గెడకు గుడ్డ లేకపోవడం చూసి, భుజాన ఉన్న ఎర్ర తువ్వాలు తీసి కట్టారు. కానీ అప్పటికి తలలు కాలువలో ఉన్నాయి.

తర్వాత ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో మీటింగు పెట్టి వీరదుర్గను నిలబెట్టారు. గుడ్డ చూశావా, లేదా అని పున్నారావు గారు అడిగారు. చూడలేదని చెప్పి ఉంటే సరిపోయేది, తప్పు గాలి మీదకు పోయేది. ఈవిడ తల వంచుకుని, "చూశానండి. చూసే దిగాం," అంది. ఇంక ఎవరేం చేస్తారు? పల్లెకు పరిగె బంద్ చేశారు, కాలువ రేవు బంద్ చేశారు. పల్లెవాళ్ళు ఆ కోపం ఈవిడ మీద చూపించారు. సంక్రాంతి లోపే సామాను ట్రాక్టరు మీద వేసుకుని వెళ్ళిపోయింది.

గంగాధరరావు గారూ, ఈ మనిషి దొంగ కాదు, తెగించిన మనిషి కాదు. గుడ్డ ఊడిపోయింది గనక చూసి ఉండదని నా నమ్మకం. ఎందుకు చూశానందో నాకు తెలియదు. ఇంతకంటే నేను రాయగలిగింది లేదు. ఇందిరా, మీటింగులో ఇక్కడివరకు చదివితే చాలు.

దుర్గా, ఇక ఇక్కడి సంగతులు.

చెప్పుకోవడానికేం లేదు. మళ్ళీ రెండు పంటలు వేశాం, రెండూ అరవై రోజులు దాటలేదు. ఆఫీసరు గారు వచ్చి, జబ్బు కాలువ పీతల్లోకి, చిన్న రొయ్యల్లోకి దిగిపోయింది, సముద్రాన్ని బ్లీచింగ్‌తో కడగలేం కదమ్మా అని వెళ్ళిపోయారు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు. పున్నారావు గారు చెరువు వదిలేసి గుడివాడలో రైసు మిల్లు గేటు దగ్గర కూర్చుంటున్నాడట. మీసం తీసేశాడని విన్నాను. మిగిలిన వాళ్ళూ ఒక్కొక్కరే సర్దుకున్నారు. ఇప్పుడు గట్టు మీద ఉన్నది మేమిద్దరమే. నీళ్ళు తిప్పే యంత్రాల రెక్కలు తుప్పు పట్టి రాలిపోతున్నాయి. మళ్ళీ వరి వేసుకుందామని ఓ మడి దున్నించి చూశాం. ఉప్పు తిన్న మట్టి గడ్డి కూడా ఇవ్వలేదు.

మావారు పోటు వచ్చినప్పుడల్లా గాజు గ్లాసు పట్టుకుని కాలువకు వెళ్తారు. ముంచి, ఎండకు ఎత్తి చూస్తారు. జబ్బు కంటికి కనపడేది కాదండీ అని చెప్తే, కనపడని దానికోసం చూడకుండా ఉంటే ఎట్లా అంటారు. రెండేళ్ళుగా అదే. కమిటీ పుస్తకంలో ఇప్పటికీ తేదీ వేసి "నీరు తేట" అని రాస్తారు. ఆయన గీసిన గీత లాంటి మనిషి, నీకు తెలుసు. పల్లె ఆడవాళ్ళకు మాట తప్పే బుద్ధి ఎప్పుడు వచ్చిందో అని మాత్రం అప్పుడప్పుడు అంటారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

నీ ఉత్తరం చివర ఇందిర ఒక మాట రాసింది. మీ కాలువలో కూడా ఈ మధ్య పీతలు వెల్లకిలా తేలుతున్నాయి, కానీ ఏ చెరువుకూ గుడ్డ కట్టలేదు గనక భయం లేదంటున్నారు అని. ఆ మాట చదివాక రెండు రాత్రులు నిద్ర లేదు.

మీ ఆయనకు అడిగానని చెప్పు. ఇందిరను పరీక్షలు మాన్పించకు, ఎంత కష్టమైనా.

ఇట్లు,
నీ మేలు కోరే
భానుమతి

తా.క.

10వ తేదీ, సోమవారం.

నిన్న రాసింది పోస్టులో వెయ్యలేదు. కవరు అంటించి మళ్ళీ చింపాను. ఇందిరా, నిన్న చదివితే చాలునన్న చోట ఆగకు. మీటింగులో ఇది కూడా చదువు. ఇదే ముఖ్యంగా చదువు.

దుర్గా, నేను గుడ్డ కట్టలేదు.

ఇది నీకు తెలుసు. గెడ ఖాళీగా ఉండటం చూసే దిగావు. వంట హడావిడిలో అమ్మగారు మరిచిపోయారనుకున్నావు. మరిచిపోయి ఇంత కొంప ముంచిందని తెలిస్తే ప్రెసిడెంటు గారి ముందు, పదకొండు ఇళ్ళ ముందు నా తల ఎక్కడ పెట్టుకుంటానని, ఆ మీటింగులో ఒక్కసారి నా వైపు చూసి, చూశానండి అన్నావు. ఆసుపత్రిలో నాలుగు రోజులకు బదులు తీర్చానని అనుకుని ఉంటావు. నీకు తెలియంది చెప్పాలి.

నేను మరిచిపోలేదు.

మావారు బస్సుకు వెళ్ళగానే పెట్టెలోంచి గుడ్డ తీశాను. గట్టు మీదకు వెళ్ళాను. గెడ దగ్గర నిలబడ్డాను కూడా. పన్నెండు గంటలకు పదకొండు ఇళ్ళ వాళ్ళు వనభోజనాలకు మా గట్టుకు వస్తారు. ఉసిరికొమ్మ పాతి ఉంది, చాపలు పరిచి ఉన్నాయి, పులిహోర తిరగమోత పెట్టాల్సి ఉంది. ఒట్టు వేయించిన ఇల్లు మాది. కాలువ మీద మొట్టమొదటి ఎర్రగుడ్డ మా గెడకా, నా వంట తినడానికి వచ్చిన వాళ్ళ నెత్తి మీదా అనిపించింది. ఆయన వచ్చేదాకా, ఈ ఒక్క పూట గడవనీ అనుకున్నాను. ఆఫీసరు గారు ఇది వేరే ఏదో అంటారేమో అని కూడా అనుకున్నాను. అబద్ధం. తెల్లచుక్కలు నేను నా కళ్ళతో చూశాను.

అంతలో మీరు బుట్టలతో వచ్చారు. మిమ్మల్ని వెనక్కి పంపవచ్చు. పంపితే, పట్టుబడి మర్నాడు మూడో చెరువులో పరిగె లేదేమిటని మధ్యాహ్నానికల్లా అందరూ అడుగుతారు. నువ్వు ఎప్పుడూ లేనిది గట్టు మీద ఆగావు. బురదలో ఎర్రబడ్డ రొయ్యలు నీ కంట్లో పడే ఉంటాయి. నాకంటే నీకే రొయ్య బాగా తెలుసు.

"అమ్మగారూ, దిగమంటారా?" అన్నావు.

"ఎప్పుడూ అడగనిదానివి ఇవాళెందుకే అడుగుతున్నావు? దిగండి," అన్నాను.

అప్పుడు గుడ్డ నా చేతిలోనే ఉంది, కొంగు కింద. మీరు దిగాక గుడ్డను గట్టు మీద పడేసి, దాని మీద చాప వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం వచ్చిన వాళ్ళందరూ బుట్టలు చూసి, బాగా చేతికొచ్చిందన్నమాట అని మెచ్చుకున్నారు. పున్నారావు గారు రెండుసార్లు పులిహోర అడిగి వేయించుకున్నాడు. నేను నవ్వుతూ వడ్డించాను. అప్పుడు మీరు రేవులో తలలు తుంచుతున్నారు. గట్టు మీద నుంచి నాకు కనపడుతున్నారు. ఒక్క కేక వేస్తే ఆగేవారు.

నా ఒక్క పూట పరువుకి పన్నెండు చెరువులు, ఒక కాలువ, మీ పల్లె. సాయంత్రం ఆయన వచ్చి అడిగితే గాలికి కొట్టుకుపోయిందన్నాను. ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఆయన నన్ను నమ్మారు, నువ్వు నా మీద జాలిపడ్డావు. ఆ రెంటి చాటునే రెండేళ్ళు అన్నం తిన్నాను. నువ్వు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. ఆ మాట అడగడానికి నాకు నోరు లేదు.

ఇవాళ పొద్దున పెట్టె అడుగు నుంచి గుడ్డ తీశాను. రుజువుగా నీకు పంపుదామని కత్తెర కూడా తీశాను. ఏమనిపించిందో తెలియదు, ముందు తీసుకెళ్ళి గెడకు కట్టాను. చెరువులో చుక్క నీళ్ళు లేవు. అయినా కట్టాను.

మావారు గ్లాసుతో కాలువ నుంచి వస్తూ చూశారు. పక్కన పున్నారావు గారి గెడకు ఆనాటి గుడ్డ ఇంకా వేలాడుతోంది, రెండేళ్ళ ఎండకూ ఉప్పుగాలికీ వెలిసి తెల్లటి పేలిక అయింది. మా తువ్వాలు ఎప్పుడో పోగులైపోయింది. ఇది మాత్రం గుడివాడ కొట్లో కోయించిన నాటి రంగులో ఉంది, మడతలు కూడా పోలేదు. ఆయన దగ్గరికొచ్చి అంచు పట్టుకుని చూశారు. నేను కుట్టిన మూడు అంకె మీద వేలు పెట్టారు. గ్లాసులో నీళ్ళు గట్టు మీద పారబోసి అక్కడే కూర్చున్నారు. దుర్గకు తెలుసా అని అడిగారు. మరిచిపోయాననుకుంటోందండీ అన్నాను. "రాయి," అన్నారు. అంతే. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. కమిటీ పుస్తకం కట్టెల పొయ్యి పక్కన పెట్టి వచ్చారు. అందులో వెయ్యమనో వద్దనో నేను అడగలేదు.

గుడ్డలో సగం కోసి ఈ కవరులో పెట్టాను, అంకె ఉన్న సగం. గంగాధరరావు గారి చేతికివ్వు. రంగు చూస్తే ఆయనకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. నిన్ను కాలువలో దిగనిస్తారనే అనుకుంటున్నాను. కానీ దిగేసరికి అందులో నీకు ఏమైనా మిగిలి ఉంటుందని అనుకోవడం లేదు. పీతలు తేలుతున్నాయని రాశారు కదా. మాకూ ముందు పీతలే తేలాయి.

ఏ చెరువుకూ గుడ్డ కట్టలేదు గనక భయం లేదంటున్నారట. వాళ్ళకు చెప్పు దుర్గా. కట్టలేదంటే మీ కాలువ మీద ఎవరో ఇప్పటికే ఆ గుడ్డ మీద చాప వేసుకుని కూర్చున్నారు.

భా.